జనం వాడే ఫైలునే పరీక్షించండి

ఆంధ్రప్రదేశ్ మానవ వనరులు, ఐటీ శాఖల మంత్రి శ్రీ నారా లోకేష్ గారికి ఒక బహిరంగ లేఖ



ప్రభుత్వానికి వెబ్ అప్లికేషన్లు సమకూర్చే శాఖ మీ దగ్గరుంది. రేపు వాటిని రాయబోయే పిల్లల చదువు చూసే శాఖ కూడా మీ దగ్గరే ఉంది. నా విన్నపం రెండిటికీ సంబంధించింది కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. మాది హిందూపురం. బెంగళూరులో జావా ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఆదివారం సాయంత్రం ధర్మవరంలోనో, పెనుకొండలోనో, హిందూపురంలోనో బెంగళూరు రైలెక్కి, సోమవారం పొద్దున మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చునే నాలాంటివాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. మేం అక్కడ రోజూ చేసే పనిలో ఒక ముక్క, మా ఊళ్ల జనానికి అవసరమైన చోట జరగడం లేదనిపించి రాస్తున్నాను.

సూటిగా చెబుతాను. ప్రభుత్వం కోసం జావాలో తయారయ్యే ప్రతి వెబ్ అప్లికేషన్‌లోనూ లెక్కలకు యూనిట్ టెస్టులు, అంటే ఒక్కో భాగాన్ని విడిగా సరిచూసే చిన్న పరీక్షలు రాస్తున్నట్టే, దాని కాన్ఫిగరేషన్‌కు, అంటే సెట్టింగుల ఫైళ్లకు కూడా టెస్టులు రాయాలని నియమం పెట్టండి. ఆ టెస్టులు ఆఫీసులో డెవలపర్ వాడుకునే నమూనా ఫైలు మీద కాకుండా, జనం ముందుకు వెళ్లబోయే అసలు ఫైలు మీదే నడవాలి.

ఇదేమంత పెద్ద విషయమని మీకు అనిపించవచ్చు. ఎంత పెద్దదో మా మూడు ఊళ్లను పెట్టుకునే చెబుతాను.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అనంతపురం జిల్లా నుంచి బయటికొచ్చి, పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడ్డ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. హిందూపురాన్నే జిల్లా కేంద్రం చేయాలని మా ఊళ్లో జనం రోడ్డెక్కారు. ఆ వాదనలు, ధర్నాలు అందరికీ గుర్తున్నాయి. కంప్యూటర్లలో జరగాల్సిన మార్పు గురించి మాత్రం అప్పట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. జిల్లాల జాబితా ఉన్న ప్రతి అప్లికేషన్‌లోనూ ఆ రోజు ఏదో ఒక ఫైలు మారాలి. చాలాచోట్ల ప్రోగ్రామ్‌లో ఒక్క వాక్యం కూడా మార్చనక్కర్లేదు. మారాల్సింది సెట్టింగు ఒక్కటే. పింఛను లెక్క, ఫీజు లెక్క, తేదీల లెక్క ఎప్పటిలాగే సరిగ్గా ఉంటాయి కాబట్టి వాటి టెస్టులన్నీ పాసవుతాయి. జాబితా తప్పుగా ఉన్నా పాసవుతాయి.

తప్పు పడే చోట్లు ఎన్నో. మూడు ఊళ్లకూ జిల్లా మారింది కానీ పిన్‌కోడ్ మారలేదు. హిందూపురం 515201, పెనుకొండ 515110, ధర్మవరం 515671. అనంతపురం పట్నానిదీ 515తో మొదలయ్యేదే, 515001. మొదటి మూడంకెలు చూసి జిల్లా పేరు నింపే సెట్టింగు ఎక్కడైనా మిగిలిపోతే మా ఊళ్లు మళ్లీ అనంతపురంలోకే పోతాయి. పెద్ద ఊరు కదా అని హిందూపురాన్ని రెవెన్యూ డివిజన్ కేంద్రంగా రాసేస్తారు బయటివాళ్లు. కానీ 2022 విభజనలో హిందూపురం మండలం పెనుకొండ డివిజన్ కింద ఉంది. పార్లమెంటు నియోజకవర్గం హిందూపురమే కాబట్టి నియోజకవర్గమూ జిల్లా ఒకటేనని ఎవరైనా అనుకుంటే అదీ తప్పే. ఆ నియోజకవర్గంలోని రాప్తాడు అసెంబ్లీ స్థానం రెండు జిల్లాల్లో పడింది. రాప్తాడు మండలం అనంతపురం జిల్లాలో ఉంటే రామగిరి మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇక మా పెనుకొండకూ పశ్చిమ గోదావరిలోని పెనుగొండకూ తేడా ఒక్క అక్షరం. ఇంగ్లీషులో రాసినా ఒక్క అక్షరమే. ఊరి పేరు ఆధారంగా జిల్లాను వెతికే ప్రోగ్రామ్‌కు, కాస్త అటూ ఇటూగా ఉన్న పేరును కూడా ఒప్పుకోమని సెట్టింగు పెడితే కన్యకాపరమేశ్వరి గుడి ఉన్న పెనుగొండా కృష్ణదేవరాయల వేసవి విడిది పెనుకొండా కలిసిపోతాయి.

ధర్మవరంలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కళ్లారా చూసింది చెబుతాను. మగ్గం మీద బతికే కుటుంబానికి చెందిన ఒకావిడ దరఖాస్తు పెట్టుకోవడానికి వచ్చింది. కుర్రాడు జిల్లా దగ్గర శ్రీ సత్యసాయి ఎంచుకున్నాడు. కింద మండలాల జాబితా తెరుచుకుంది. పైకీ కిందికీ లాగాడు. ధర్మవరం లేదు. జిల్లా అనంతపురం అని మార్చాడు. అక్కడ ధర్మవరం ఉంది. అదే పెట్టి ముందుకెళ్తే, ఆమె గుర్తింపు కార్డులో ఉన్న జిల్లాకూ దీనికీ పొంతన లేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"మీ ఊరు ఇందులో లేదక్కా" అన్నాడు.

"లేకపోవడమేంది నాయినా, నేను పుట్టింది ఈడే కదా" అందామె.

బయటి నుంచి చూస్తున్నా ఏం జరిగిందో తెలుస్తూనే ఉంది. జిల్లాల జాబితా ఒక ఫైల్లో ఉంది, దాన్ని మార్చారు. ఏ మండలం ఏ జిల్లాలోదో చెప్పేది ఇంకో ఫైల్లో ఉంది, దాన్ని పూర్తిగా మార్చలేదు. రెండు ఫైళ్లూ పొంతనగా ఉన్నాయా అని చూసే నాలుగు వాక్యాల టెస్టు ఒకటి ఉంటే ఆ అప్లికేషన్ బయటికే వచ్చేది కాదు. ఆమె ఆ రోజు పని మానుకుని వచ్చింది. కుర్రాడు తర్వాత చూద్దాం రమ్మన్నాడు.

ముందే పరీక్షించుకోవడం గురించి ధర్మవరంవాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. జాకార్డ్ మగ్గంలో అంచు డిజైను ఎలా రావాలో చెప్పేది చిల్లులు పొడిచిన అట్టలు. మగ్గం ఎంత బాగున్నా, నేసే చెయ్యి ఎంత మంచిదైనా, అట్టలో ఒక చిల్లు తప్పితే ఆ తప్పు డిజైను తిరిగొచ్చినప్పుడల్లా చీర పొడవునా పడుతుంది. అందుకే కొత్త అట్టలు కట్టాక ముందు కొంచెం నేసి, అంచు చూసుకుని, అప్పుడు చీర మొదలుపెడతారు. నేను అడుగుతున్న టెస్టు కూడా అదే.

ఇప్పుడు జావా సంగతికి వస్తాను. ఈ భాషలో వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్లలో ఎక్కువమంది వాడేది స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్క్. దాని తొలి వెర్షన్ 2004లో వచ్చింది. మొదట్లో సెట్టింగులన్నీ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో పేజీలకు పేజీలు రాసేవాళ్లు. చదవడం విసుగే కానీ అన్నీ కంటికి కనిపించేవి. 2014లో స్ప్రింగ్ బూట్ వచ్చాక చాలా సెట్టింగుల్ని ఫ్రేమ్‌వర్కే ఊహించుకుని పెట్టుకుంటోంది. ఏ లైబ్రరీలు ఉన్నాయో, ఏ ప్రాపర్టీకి ఏ విలువ ఇచ్చారో చూసి, డేటాబేస్ కనెక్షన్ దగ్గర్నుంచి లాగిన్ పేజీ దాకా తనే అమర్చుతుంది. పని తొందరగా అవుతుంది, కాదనను. కానీ కనిపించని సెట్టింగు పెరిగినకొద్దీ దాన్ని పరీక్షించాల్సిన అవసరమూ పెరిగింది. ఈ రెండోది మన వైపు ఎవరూ గట్టిగా చెప్పడం లేదు.

స్ప్రింగ్ బూట్‌లో సెట్టింగులు ఎక్కువగా యామెల్ అనే రకం ఫైళ్లలో రాస్తారు. చూడ్డానికి మామూలు జాబితాలా ఉంటుంది, ఎవరైనా రాయొచ్చనిపిస్తుంది. దీని లోపల కొన్ని పాత నియమాలున్నాయి. సున్నాతో మొదలయ్యే అంకెను, కొటేషన్ గుర్తులు పెట్టకపోతే, అది ఎనిమిది ఆధారంగా లెక్కించే సంఖ్యగా తీసుకుంటుంది. హెల్ప్‌డెస్క్ కోసం హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040 అని రాస్తే ప్రోగ్రామ్‌కు 32 అని అందుతుంది. హిందూపురం 08556, పెనుకొండ 08555, ధర్మవరం 08559 మాత్రం బతికిపోతాయి. ఎందుకంటే ఆ లెక్కలో 8 అనే అంకే లేదు కాబట్టి వాటిని సంఖ్యగా కాక అక్షరాలుగా వదిలేస్తుంది. జిల్లా కోడ్ 02 అని రాస్తే 2 అవుతుంది, 010 అని రాస్తే 8 అవుతుంది, 09 అని రాస్తే 09గానే ఉంటుంది. ఆఫీసు తెరిచే వేళ 10:30 అని గుర్తుల్లేకుండా రాస్తే 630 అని చదువుతుంది, పదిన్నర గంటల్ని నిమిషాల్లోకి మార్చినట్టు. ఇవన్నీ రాసినవాడి కంటికి సరిగ్గానే కనబడతాయి. ఫైలును ఎన్నిసార్లు చదివినా దొరకవు. ప్రోగ్రామ్ చేత చదివించి, చేతికొచ్చిన విలువేమిటో చూస్తేనే దొరుకుతాయి.

తెలుగువాళ్లకు మాత్రమే తగిలే దెబ్బ ఇంకొకటుంది. జాబితాలో ఊరి పేరును తెలుగులో రాసి, దాని పక్కన కోడ్ పెట్టామనుకోండి. ఎడమవైపు ఉండే పేర్లలో ఇంగ్లీషు చిన్నక్షరాలు, పెద్దక్షరాలు, అంకెలు, చుక్క, గీత తప్ప మిగతా గుర్తుల్ని స్ప్రింగ్ బూట్ తీసేస్తుంది. ఆ లెక్కలో 'ధర్మవరం' అనే మాటలో ఉంచదగ్గ అక్షరం ఒక్కటీ లేదు. పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టి, దానికి కొటేషన్ గుర్తులు కూడా పెడితేనే అలాగే ఉంచుతుంది. ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లో ఉంది. కానీ అమెరికాలోనో యూరప్‌లోనో కూర్చుని ఉదాహరణలు రాసేవాళ్లకు ఇది తగలదు కాబట్టి ఎవరూ నొక్కి చెప్పరు. ప్రాపర్టీస్ ఫైళ్లతోనూ తెలుగుకు ఏళ్ల తరబడి ఇదే గొడవ. జావా వాటిని పశ్చిమ యూరప్ అక్షరాలవని అనుకుని చదివేది. సందేశాల ఫైళ్లను అన్ని భాషల అక్షరాలనూ పట్టే యూటీఎఫ్-8గా చదవడం 2017లో జావా 9తో మొదలైంది. ప్రాపర్టీస్ కాని మామూలు టెక్స్ట్ ఫైళ్లకు యూటీఎఫ్-8నే మామూలు పద్ధతిగా తీసుకున్నది జావా 18, 2022 మార్చిలో. మా జిల్లా పుట్టడానికి సరిగ్గా ముందు నెల. పాత జావా మీద నడిచే అప్లికేషన్‌లో తెలుగు సందేశం బొమ్మలూ గీతలూగా కనబడితే చాలావరకు కారణం ఇదే.

ఇవన్నీ టెస్టులు రాస్తున్నామని చెప్పే బృందాల్లో కూడా ఎందుకు బయటపడవో చెబుతాను. ఈ ఉత్తరంలో మీరు గుర్తుంచుకోవాల్సింది ఇదే. జావా ప్రాజెక్టులో అసలు ప్రోగ్రామ్‌కు ఒక ఫోల్డర్, టెస్టులకు ఒక ఫోల్డర్ ఉంటాయి. అసలు ఫోల్డర్లో ఉన్న సెట్టింగుల ఫైలు పేరుతోనే టెస్టుల ఫోల్డర్లో ఇంకో ఫైలు పెడితే, టెస్టులు నడిచేటప్పుడు రెండోది మొదటిదాన్ని కప్పేస్తుంది. డెవలపర్లు సౌకర్యం కోసం ఇలా తరచూ చేస్తారు. అప్పుడు వందల టెస్టులు పచ్చగా వెలిగినా, జనం వాడబోయే ఫైలును ఒక్కటి కూడా తెరిచి ఉండదు. ప్రొఫైళ్ల సంగతీ అంతే. డెవలపర్‌కు ఒకటి, టెస్టింగ్‌కు ఒకటి, ప్రొడక్షన్‌కు, అంటే జనం వాడేదానికి ఒకటి అని వేర్వేరు ఫైళ్లుంటాయి. టెస్టులన్నీ టెస్టింగ్ ప్రొఫైల్‌తోనే నడుస్తాయి. ప్రొడక్షన్ ఫైలు మొదటిసారి తెరుచుకునేది ధర్మవరంలో ఆ కుర్రాడు పేజీ తెరిచినప్పుడు.

ప్రొడక్షన్ ఫైల్లో పాస్‌వర్డులుంటాయి, దాన్ని టెస్టులకు ఎలా ఇస్తామని అధికారులు అడగొచ్చు. పాస్‌వర్డులు ఆ ఫైల్లో ఉండనే కూడదు. అవి సర్వర్ నుంచే విడిగా రావాలి. టెస్టు కోసం వాటి చోట ఉత్తుత్తి విలువలు పెట్టి, మిగతాదంతా ఉన్నదున్నట్టు ఎక్కించవచ్చు. టెస్టుల వల్ల పని ఆలస్యమవుతుందనే మాట కూడా నిలవదు. స్ప్రింగ్‌లో దీనికి కావాల్సిన సరంజామా ఎప్పటినుంచో ఉంది. సర్వరే లేకుండా, పోర్టే తెరవకుండా పేజీలను అడిగి జవాబు చూసే మాక్‌ఎమ్‌వీసీ 2012 చివర్లో స్ప్రింగ్ 3.2తో వచ్చింది. ఫలానా సెట్టింగు ఇస్తే అప్లికేషన్ ఎలా మొదలవుతుందో, ఆ సెట్టింగు లేకపోతే మొదలవకుండా ఆగుతుందో లేదో చిన్న టెస్టులో చూసే కాంటెక్స్ట్ రన్నర్లు 2018లో స్ప్రింగ్ బూట్ 2.0తో వచ్చాయి. ఒకసారి ఎక్కించిన సెట్టింగుల్ని టెస్టుల మధ్య దాచి మళ్లీ వాడుకునే ఏర్పాటూ ఉంది. ఇది యూనిట్ టెస్టు అవుతుందా, ఇంటిగ్రేషన్ టెస్టు అవుతుందా అని మా వృత్తిలో కొందరు గంటల తరబడి వాదించుకుంటారు. ఆ వాదన మీద నాకు ఆసక్తి లేదు. ప్రతి బిల్డ్‌కూ, అంటే అప్లికేషన్‌ను కొత్తగా తయారుచేసిన ప్రతిసారీ నడవాలి, నిమిషాల్లో అయిపోవాలి, తప్పుంటే బిల్డ్ ఆగిపోవాలి. అంతవరకు ఉంటే చాలు.

మాక్‌ఎమ్‌వీసీతో చూడాల్సిన ముఖ్యమైన పని ఇంకొకటి, ఏ పేజీ ఎవరికి తెరుచుకోవాలన్నది. స్ప్రింగ్‌లో లాగిన్, అనుమతులు చూసే స్ప్రింగ్ సెక్యూరిటీలో ఈ నియమాలను వరసగా రాస్తారు, ముందుగా సరిపోయిన నియమమే వర్తిస్తుంది. అందరికీ తెరిచిన పెద్ద నియమం పైన, అధికారులకు మాత్రమే అనే చిన్న నియమం కింద పడితే లబ్ధిదారుల వివరాలు లాగిన్ లేకుండానే కనబడతాయి. లాగిన్ కాకుండా ఆ పేజీ అడిగితే తిరస్కరించాలని రాసిన ఒక్క టెస్టు దీన్ని పట్టేస్తుంది. వెర్షన్ మార్చినప్పుడు కూడా ఈ టెస్టులే కాపాడతాయి. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ 6లో పేజీ చిరునామా చివర వాలుగీత (/) ఉన్నా లేకున్నా ఒకటేనని ఒప్పుకునే పాత అలవాటును మానేశారు. కరపత్రంలో వాలుగీతతో అచ్చేసిన చిరునామా, వెర్షన్ మార్చిన మర్నాటి నుంచి పేజీ దొరకలేదని చెబుతుంది.

సెట్టింగుల ఫైలు చిన్నది, దాంతో ఏమవుతుందిలే అనుకున్నవాళ్లకు 2024 జులై 19 గుర్తుచేయాలి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ రోజు పంపింది కొత్త ప్రోగ్రామ్ కాదు, ఒక కాన్ఫిగరేషన్ ఫైలు. లోపలి ప్రోగ్రామ్ 20 విలువల కోసం సిద్ధంగా ఉంటే ఫైలు 21 ఉంటాయనుకుంది. ఫైలును తనిఖీ చేసే సాధనంలోనే లోపం ఉండడంతో అది దాటిపోయింది. ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ఫైలును పంపేముందు ఒక్క మామూలు కంప్యూటర్ మీద ఎక్కించి చూసినా తెలిసిపోయేది.

మీరు 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ ద్వారా మొదటి విడతగా 161 సేవలు ప్రారంభించారు. ఆఫీసు మెట్లెక్కకుండా పని జరగాలన్న ఆ ఆలోచన మా ఊళ్లలాంటి చోట్ల ఎంత విలువైనదో నాకు తెలుసు. పెనుకొండ నుంచి పుట్టపర్తికి ఒక సర్టిఫికెట్ కోసం పోయి రావడమంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఫోన్లో వచ్చే ఒక్కొక్క సేవ వెనకా ఒక జాబితా, ఒక ఫీజు, ఒక గడువు, ఒక చిరునామా ఉంటాయి. సేవలు పెరిగినకొద్దీ ఆ ఫైళ్లూ పెరుగుతాయి. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను.

అప్లికేషన్‌ను తీసుకునేటప్పుడు చూసే షరతుల్లో ఒక్క వాక్యం చేర్చించండి: ప్రొడక్షన్ సెట్టింగులను ఎక్కించి నడిచే టెస్టులు లేకుండా దేన్నీ తీసుకోకూడదు. ఆ టెస్టులకు కావాల్సిన వివరాలు ఇంజనీర్లు ఊహించి రాయకూడదు. జావా టెస్టులు రాయడానికి వాడే జేయూనిట్ 5లో మామూలు సీఎస్‌వీ పట్టిక నుంచి వరస వరసకూ ఒక టెస్టు నడిపించే వీలుంది. ఊరు, పిన్‌కోడ్, మండలం, డివిజన్, జిల్లా అని ఐదు గడుల పట్టిక నింపడానికి జావా రానక్కర్లేదు. తహసీల్దారు ఆఫీసులో పనిచేసే గుమాస్తాకు ఏ పల్లె ఎక్కడిదో, ఏ పేరుతో ఏ పేరు కలిసిపోతుందో మా అందరికంటే బాగా తెలుసు. ఆయన నింపిన పట్టికే పరీక్ష కావాలి. జిల్లాలో, డివిజన్‌లో మార్పు వచ్చినప్పుడు మొదట మారాల్సింది ఆ పట్టిక. అది మారిన వెంటనే పాత సెట్టింగులున్న ప్రతి అప్లికేషన్ బిల్డ్ ఆగిపోతుంది, ఎవరెవరు మార్చలేదో సాయంత్రానికి తెలిసిపోతుంది.

రెండో కోరిక చదువు గురించి. మా వైపు నుంచి వచ్చే పిల్లల్ని ఉద్యోగ ఇంటర్వ్యూల్లో చూస్తుంటాను. తెలివైనవాళ్లు. ఇన్‌హెరిటెన్స్ అడిగితే చెబుతారు, థ్రెడ్లు అడిగితే చెబుతారు. ఈ అప్లికేషన్ మొదలవగానే ఏ ఫైలు చదువుతుంది, ఆ ఫైలు సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది అని అడిగితే ఆగిపోతారు. వాళ్లకు ఎవరూ చేయించలేదు మరి. 1946లో మొదలైన అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ 2008లో జేఎన్‌టీయూ అనంతపురం విశ్వవిద్యాలయానికి కేంద్రమైంది. దాని అనుబంధ కాలేజీల్లోనే మా ఊళ్ల పిల్లలు ఎక్కువగా చదువుతారు. జావా ల్యాబులో ఒక్క ప్రయోగం చేర్చమని విశ్వవిద్యాలయాన్ని కోరండి. ఒక చిన్న స్ప్రింగ్ బూట్ అప్లికేషన్, అందులో తమ మండలాల జాబితా, కావాలనే పెట్టిన నాలుగైదు సెట్టింగుల తప్పులు. వాటిని ఫైలు చదివి కాకుండా టెస్టు రాసి పట్టుకోవాలి. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. 040 అని రాస్తే 32 రావడం తన కళ్లతో చూసిన విద్యార్థి ఆ తర్వాత ఏ ఫైలునూ చూసి నమ్మడు.

ఆ ప్రయోగానికి మొదటి పట్టిక నేను రాసిపెట్టాను. హిందూపురం, 515201, హిందూపురం మండలం, పెనుకొండ డివిజన్, శ్రీ సత్యసాయి. పెనుకొండ, 515110, పెనుకొండ మండలం, పెనుకొండ డివిజన్, శ్రీ సత్యసాయి. ధర్మవరం, 515671, ధర్మవరం మండలం, ధర్మవరం డివిజన్, శ్రీ సత్యసాయి. నాలుగో వరసలో పశ్చిమ గోదావరి పెనుగొండ. కాలేజీ ఏదైనా పిలిస్తే శనివారాలు వచ్చి దగ్గరుండి చేయించడానికి నేనూ, నాతోపాటు రైలెక్కే మరికొందరు ఇంజనీర్లూ సిద్ధంగా ఉన్నాం. మీ శాఖ నుంచి కాలేజీలకు ఒక లేఖ వెళ్తే చాలు.

ఇట్లు,
హిందూపురానికి చెందిన ఒక జావా ఇంజనీరు